వెంట్రుకలో సగం కూడా లేని పూసతో లేజర్: ఎలా చేయాలి, లేజరే అని ఎలా తేల్చాలి

ప్రాజెక్టుకి లేజర్ తయారుచేస్తానంటే ఎవరైనా ముందు అడిగేది క్లీన్‌రూమ్ (దుమ్ము చేరని ప్రత్యేక గది) ఉందా అనే. ఇక్కడ చెప్పే లేజర్‌కి అది అక్కర్లేదు. పాలిస్టైరీన్ పూస, అందులో కలిసిన రంగు (డై), దాన్ని వెలిగించడానికి ఆకుపచ్చ పల్స్ లేజర్, మైక్రోస్కోప్, కాంతిని రంగులుగా విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్ ఉంటే చాలు. తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్సో కెమిస్ట్రీయో చదువుతున్నవాళ్ళు ఒక సెమిస్టర్‌లో చేయగలిగిన పని. అయితే ఒక మాట ముందే చెప్పేస్తా. పూస చేయడం పెద్ద కష్టం కాదు, అది మెరవడం అసలు కష్టమే కాదు, ఆ మెరుపు లేజరా కాదా అని తేల్చడంలోనే ఉంది పనంతా. చాలామంది మెరుపు దగ్గరే ఆగిపోయి లేజర్ వచ్చిందని రిపోర్ట్ రాసేస్తారు. మీరు అలా చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఏ లేజర్‌కైనా కాంతిని పెంచే పదార్థం కావాలి, ఆ కాంతి జారిపోకుండా మళ్ళీ మళ్ళీ అదే పదార్థంలోంచి వెళ్ళేలా చూసే కేవిటీ కావాలి. మామూలు లేజర్‌లో కేవిటీ అంటే ఎదురెదురుగా రెండు అద్దాలు. మన పూసలో అద్దాలుండవు, పూస గోడే అద్దం. పాలిస్టైరీన్ వక్రీభవన గుణకం 1.59, బయట గాలికి 1. లోపలినుంచి వచ్చి గోడ లంబంతో 39 డిగ్రీలకంటే ఎక్కువ కోణం చేసే కాంతి బయటికి రాలేదు, ఇంటర్లో చదివిన సంపూర్ణాంతర పరావర్తనమే ఇది. ఎగ్జిబిషన్‌లో చెక్కబావి గోడమీద బైక్ తిప్పే మనిషిని చూసే ఉంటారు, కాంతి కూడా అట్లే గోడని పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంది.

ఒక చుట్టు తిరిగొచ్చాక అల తను బయల్దేరిన దశలోనే తనతో కలిస్తే ఆ రంగు కాంతి బలపడుతుంది, కలవకపోతే ఆరిపోతుంది. 30 మైక్రాన్ల పూస చుట్టూ 610 నానోమీటర్ల కాంతి అలలు సుమారు 245 పడతాయి. సరిగ్గా 245 పట్టే రంగు ఒకటి, 246 పట్టే రంగు ఇంకొకటి, ఇలా కొన్ని రంగులే నిలబడతాయి. స్పెక్ట్రమ్‌లో అవి దాదాపు సమాన దూరంలో సన్నటి గీతలుగా కనిపిస్తాయి. ఈ దూరం గుర్తుపెట్టుకోండి, చివర్లో మన రుజువు దీనిమీదే నిలబడుతుంది.

వీటిని విస్పరింగ్ గ్యాలరీ మోడ్‌లు అంటారు. లండన్ సెయింట్ పాల్స్ చర్చి గోపురంలో గోడదగ్గర గుసగుసగా మాట్లాడితే అవతలి పక్కన గోడదగ్గర నిలబడినవాళ్ళకి వినిపిస్తుంది, దాన్నుంచి వచ్చిన పేరు. లార్డ్ రేలీ దానికి సిద్ధాంతం కట్టాడు. మన సి.వి. రామన్ 1921లో లండన్ వెళ్ళినప్పుడు అక్కడే ప్రయోగాలు చేసి, తర్వాత బీజాపూర్ గోల్ గుంబజ్ మీద కూడా రాశారు. శబ్దానికి పనికొచ్చింది కాంతికీ పనికొస్తుందని తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. మొదటి లేజర్ 1960లో వస్తే, 1961లోనే బెల్ ల్యాబ్స్‌లో సమేరియం కలిపిన కాల్షియం ఫ్లోరైడ్ గోళంలో ఈ మోడ్‌లతో లేజర్ వెలిగించారు. 1984లో యేల్ యూనివర్సిటీవాళ్ళు రంగు కలిపిన ఇథనాల్ చుక్కలతోనే చేసి చూపించారు. మీరు చేయబోయేది ఆ చుక్కకి దగ్గరి చుట్టమే, కాకపోతే గట్టిది, ఆరిపోదు.

ఫోన్‌లో ముఖం గుర్తుపట్టే సెన్సర్లలోనూ కొన్ని మౌస్‌లలోనూ ఉండే విక్సెల్ కూడా మైక్రోకేవిటీ, అంటే అతి చిన్న కేవిటీ ఉన్న లేజరే. కెనిచి ఇగా అనే జపాన్ శాస్త్రవేత్తకి 1977లో ఆ ఆలోచన వచ్చింది. దానికి ఒకదానిమీద ఒకటి పదుల పొరలు పేర్చే యంత్రాలు కావాలి. 1992లో బెల్ ల్యాబ్స్‌లో వచ్చిన మైక్రోడిస్క్‌కి ఎచింగ్ (పదార్థాన్ని సన్నగా చెక్కే) సదుపాయం కావాలి. అవి కాలేజీ ల్యాబ్‌లో కుదిరేవి కావు కాబట్టి పూసతోనే మొదలుపెట్టండి.

సైజు ముందు కాగితం మీద తేల్చుకోండి

గీతల మధ్య దూరం కావాలంటే తరంగదైర్ఘ్యం వర్గాన్ని పూస చుట్టుకొలతతోనూ వక్రీభవన గుణకంతోనూ భాగించండి. 30 మైక్రాన్ల పూసకి 610 నానోమీటర్ల దగ్గర 2.5 నానోమీటర్లు వస్తుంది. కాంతి రంగుని బట్టి వక్రీభవన గుణకం కూడా రొంత మారుతుంది, అది కూడా కలిపితే 2.4 దగ్గర ఆగుతుంది. అదే 100 మైక్రాన్ల పూసైతే 0.7 దగ్గరికి పడిపోతుంది.

ఇప్పుడు మీ స్పెక్ట్రోమీటర్ రెజల్యూషన్, అంటే అది విడదీసి చూపగల అతి చిన్న తేడా ఎంతో మాన్యువల్ తీసి చూడండి. 0.2 నానోమీటర్లయితే 30 మైక్రాన్ల పూసలు హాయిగా సరిపోతాయి. మీ దగ్గర ఉన్నది 1 నానోమీటర్‌దైతే 15 మైక్రాన్ల పూసలు ఏరుకోండి, అప్పుడు దూరం 5 దగ్గరికి వస్తుంది. చాలామంది పూసలు చేసేసి, ఆ తర్వాత స్పెక్ట్రోమీటర్ కోసం వెతుకుతారు. వరస తిప్పండి. పరికరం ముందు, పూస తర్వాత.

పల్స్ లేజర్ కూడా ముందే ఖాయం చేసుకోవాలి. కావలసింది 532 నానోమీటర్ల క్యూ-స్విచ్డ్ (చిన్న చిన్న బలమైన పల్స్‌లిచ్చే) ఎన్‌డి-యాగ్ అనే లేజర్. గాదంకిలోని వాతావరణ పరిశోధన సంస్థ ఎన్ఏఆర్ఎల్ లైడార్ (లేజర్‌తో వాతావరణాన్ని కొలిచే పరికరం) రాత్రిళ్ళు ఆకాశంలోకి పంపే ఆకుపచ్చ కాంతి ఇదే రకం లేజర్‌ది, మనకి అంత పెద్దది అక్కర్లేదు. మీ డిపార్ట్‌మెంట్‌లో లేకపోతే శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ)లోనో, ఏర్పేడు దగ్గరున్న ఐఐటీ, ఐసర్‌లలోనో ఏ గ్రూపుకి ఉందో కనుక్కుని, మీ గైడ్ చేత మెయిల్ పెట్టించండి. మీరు నేరుగా రాసేదానికంటే గైడ్ రాస్తే జవాబు తొందరగా వస్తుంది. మెయిల్‌లో కావలసిన తరంగదైర్ఘ్యం, పల్స్ నిడివి, ఎన్ని రోజులు అనేది స్పష్టంగా ఉండాలి.

మామూలు ఆకుపచ్చ లేజర్ పాయింటర్‌తో కుదరదా అని తప్పకుండా అడుగుతారు. కుదరదు, ఎందుకో లెక్కలో చూడండి. 5 నానోసెకన్ల పల్స్‌లో 10 నానోజౌళ్ళు పూసమీద పడితే ఆ క్షణానికి అది 2 వాట్లు. పాయింటర్ ఇచ్చేది 5 మిల్లీవాట్లు, అంటే 400 రెట్లు తక్కువ. పైగా పాయింటర్ ఆగకుండా వెలుగుతుంటే రంగు అణువులు ట్రిప్లెట్ అనే, తొందరగా బయటపడలేని స్థితిలో పోగుపడి కాంతిని పెంచడం మానేసి మింగడం మొదలుపెడతాయి, పూస వేడెక్కుతుంది, రంగు వెలిసిపోతుంది. పాయింటర్‌తో పూస మెరుస్తుంది. మెరుపు వేరు, లేజర్ వేరు.

పూసలు చేయడం

పాలిస్టైరీన్ కోసం పెద్దగా వెతకక్కర్లేదు, బయాలజీ ల్యాబ్‌లో వాడిపారేసే పారదర్శకమైన పెట్రీ డిష్‌లు చాలావరకు అదే ప్లాస్టిక్. కొత్తది తీసుకుని ముక్కలు చేయండి. థర్మోకోల్ కూడా పాలిస్టైరీనే కానీ అందులో ఏమేం కలిపారో తెలీదు, వద్దు. రంగుకి నైల్ రెడ్ వాడండి. రోడమిన్ బాగా వెలుగుతుంది కానీ నీళ్ళలోకి జారిపోతుంది, నైల్ రెడ్ నీళ్ళని ఇష్టపడదు కాబట్టి పూసలోనే ఉండిపోతుంది.

ఒక గాజు సీసాలో 10 మిల్లీలీటర్ల డైక్లోరోమీథేన్ తీసుకుని అర గ్రాము పాలిస్టైరీన్ కరిగించండి. అందులో 1 నుంచి 2 మిల్లీగ్రాముల నైల్ రెడ్ కలపండి. ఎక్కువేస్తే ఇంకా బాగా వెలుగుతుందనుకోకండి, అణువులు మరీ దగ్గరైతే ఒకదాని వెలుగు ఒకటి ఆర్పేస్తుంది. ఇంకో బీకర్‌లో 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము పాలీవినైల్ ఆల్కహాల్ వేసి, 80 డిగ్రీల దగ్గర కలుపుతూ పూర్తిగా కరిగించి, చల్లారనివ్వండి. ఇది చుక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. చల్లారకముందే రెండూ కలిపితే మొత్తం పాడవుతుంది.

మాగ్నెటిక్ స్టిర్రర్ మీద నీళ్ళ బీకర్ పెట్టి నిమిషానికి 500 చుట్లు తిప్పుతూ ఎర్రటి ద్రావణాన్ని, ఒక చుక్క పక్కన ఆపుకుని, పిపెట్‌తో చుక్కచుక్కగా వదలండి. వేగం పెంచితే పూసలు చిన్నవవుతాయి, తగ్గిస్తే పెద్దవి. మీ స్టిర్రర్‌కీ బీకర్ ఆకారానికీ సరిపోయే వేగం మీరే చూసుకోవాలి. ఫ్యూమ్ హుడ్‌లో మూత తీసి మూడు నాలుగు గంటలు తిప్పుతుంటే డైక్లోరోమీథేన్ ఆవిరైపోయి చుక్కలు గట్టి పూసలవుతాయి.

ఇక్కడ మన ఊరి ఎండ సంగతి చెప్పాలి. డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకి మరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో బయట అంతకంటే ఎక్కువే ఉంటుంది, ఏసీ లేని ల్యాబ్ మధ్యాహ్నం పూట దాదాపు అంతకి చేరుతుంది. ద్రావకం అంత తొందరగా పోతే పూసలో బుడగలు మిగిలిపోతాయి, గోడ గరుకుగా తయారవుతుంది, అలాంటి పూసలో కాంతి పది చుట్లు కూడా తిరగకుండానే చెదిరిపోతుంది. గోడ నున్నగా ఉండటమే ఈ లేజర్‌కి ప్రాణం. అందుకని ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర చేయండి, లేదా తెల్లవారుజామునే మొదలుపెట్టండి. కరెంటు పోయి స్టిర్రర్ ఆగితే చుక్కలన్నీ అడుక్కి చేరి ముద్దవుతాయి, యూపీఎస్‌కి కలిపి పెట్టుకోండి. ఎండలో నిలిపిన కారులోనో బండి డిక్కీలోనో ఆ సీసా ఎప్పుడూ తీసుకెళ్ళకండి. ఈ ద్రావకం ఆవిరి పీల్చడం మంచిది కాదు, మామూలు నైట్రైల్ గ్లవ్స్‌లోంచి నిమిషాల్లో లోపలికి వస్తుంది, చేతిమీద పడితే గ్లవ్ వెంటనే తీసేసి కడుక్కోవాలి.

తర్వాత స్టిర్రర్ ఆపి పూసలు అడుక్కి చేరేదాకా ఆగండి, పై నీళ్ళు వంచేయండి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడగండి. పాలీవినైల్ ఆల్కహాల్ మిగిలితే ఆరాక పూసమీద పొరలా అంటుకుంటుంది. ఒక చుక్క గాజు స్లయిడ్ మీద వేసి చీకట్లో, దుమ్ము పడకుండా మూత కింద ఆరబెట్టండి. పక్కన ఆపుకున్న ఎర్రటి ద్రావణం చుక్కని వేరే స్లయిడ్ మీద పల్చగా పరిచి ఆరబెట్టండి. ఈ ఫిల్మ్ ఎందుకో తర్వాత చెప్తా, పారేయకండి. రంగు కలపని పూసలు కూడా రొన్ని చేసి పెట్టుకోండి.

మైక్రోస్కోప్ కింద చూసి గుండ్రంగా, లోపల బుడగ లేకుండా, పక్కన ఇంకో పూస తగలకుండా ఒంటరిగా ఉన్నవాటిని ఎంచుకోండి. స్టేజ్ మైక్రోమీటర్‌తో కొలత సరిచూసుకుని ఒక్కోదాని వ్యాసం రాసుకోండి, స్లయిడ్‌పై ఎక్కడుందో బొమ్మ గీసుకోండి. గాజు స్లయిడ్ మీద పెడితే కాంతి కిందికి కారిపోదా అన్న అనుమానం రావచ్చు. నిలువుగా తిరిగే మోడ్‌లు కారిపోతాయి. స్లయిడ్‌కి సమాంతరంగా పూస నడుము చుట్టూ తిరిగేవి గాజుకి 15 మైక్రాన్ల ఎత్తులో ఉంటాయి కాబట్టి వాటికేం కాదు. మనకి వాటితోనే పని.

వెలిగించడం

లేజర్ ఆన్ చేసే ముందు కళ్ళద్దాలు. 532తో పాటు 1064ని కూడా ఆపేవి కావాలి, ఎందుకంటే ఎన్‌డి-యాగ్ అసలు ఇచ్చేది కంటికి కనపడని 1064, దాన్ని సగానికి చేసి ఆకుపచ్చగా మారుస్తారు, మిగిలింది కొంత దాంతోపాటే వస్తుంది. ఉంగరాలు, వాచీ తీసేయండి. పల్స్ లేజర్ వెలుగుతున్నప్పుడు మైక్రోస్కోప్ ఐపీస్‌లో కన్ను పెట్టడమనే మాటే లేదు, కెమెరా పెట్టి స్క్రీన్ మీద చూడండి. ఈ ఒక్క విషయంలో గైడ్ అయినా సీనియర్ అయినా మొహమాటం వద్దు.

పల్స్ శక్తిని న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్లతో (రంగు మార్చకుండా కాంతిని తగ్గించేవి) బాగా తగ్గించి, పూస మొత్తం కప్పేంత స్పాట్‌గా ఫోకస్ చేయండి. పూసనుంచి వచ్చే కాంతి దారిలో 550 లాంగ్‌పాస్ ఫిల్టర్ (550 నానోమీటర్లకంటే ఎక్కువ తరంగదైర్ఘ్యాన్నే వదిలేది) పెట్టండి, లేకపోతే ఆకుపచ్చ అంతా స్పెక్ట్రోమీటర్‌లోకి దూరి మిగతాదాన్ని ముంచేస్తుంది. ఇలాంటి పూసలకి సాధారణంగా పూసమీద పడే శక్తి నానోజౌళ్ళ లెక్కలో ఉంటే చాలు. అందుకే అతి తక్కువ నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచండి. మొదటే పెద్ద పల్స్ కొడితే పూస నల్లబడి పోతుంది.

తక్కువలో పూసంతా ఒకేలా ఎర్రగా మెరుస్తుంది. పెంచుతూ పోతే ఒక దశలో అంచు మాత్రమే ఒక్కసారిగా ప్రకాశవంతమవుతుంది. కెమెరాలో దాన్ని మొదటిసారి చూసినప్పుడు కలిగే సంతోషం చెప్పనలవి కాదు. ఫోటో తీసుకోండి, ఎవరికీ పంపకండి, ఇంకా పనుంది.

లేజరే అని తేల్చడం

మొదటిది త్రెషోల్డ్, అంటే లేజర్ మొదలవడానికి కావలసిన కనీస శక్తి. పల్స్ శక్తిని అడ్డంగా, స్పెక్ట్రమ్‌లోని ఒక గీత ఎత్తుని నిలువుగా పెట్టి గ్రాఫ్ గీయండి. శక్తి పెరిగేకొద్దీ మెల్లగా ఎక్కుతున్న గ్రాఫ్ ఒకచోట మలుపు తిరిగి నిటారుగా లేవాలి. ఆ మలుపుకి రెండు పక్కలా తగినన్ని బిందువులుండాలి, నాలుగు చుక్కలు పెట్టి మధ్యలో వంపు గీస్తే ఎవరూ ఒప్పుకోరు. పైకి వెళ్ళాక మళ్ళీ కిందికి కూడా దిగుతూ కొలవండి. రెండు దారులూ కలిస్తే సరే, దిగేటప్పుడు బాగా కిందికి పడిపోతే రంగు వెలిసిపోయిందని అర్థం, కొత్త పూస తీసుకోండి. కొలవనప్పుడు షట్టర్ మూసి ఉంచండి, పూస ఆయుష్షు పల్స్‌ల లెక్కలోనే ఉంటుంది.

రెండోది గీతలు సన్నబడటం. నైల్ రెడ్ ఫ్లోరెసెన్స్ (లేజర్ కాని దాని మామూలు మెరుపు) పదుల నానోమీటర్ల వెడల్పుంటుంది. త్రెషోల్డ్ దాటాక అందులోంచి సన్నటి గీతలు లేస్తాయి. ఇక్కడ జాగ్రత్త. త్రెషోల్డ్‌కి కిందే, మామూలు ఫ్లోరెసెన్స్‌లో కూడా మంచి పూస ఈ గీతలు చూపిస్తుంది. ఎందుకంటే కేవిటీ తనకి నచ్చిన రంగుల్లోనే అణువులు ఎక్కువగా వెలిగేలా చేస్తుంది, పర్సెల్ అనే భౌతికశాస్త్రవేత్త 1946లో చెప్పిన సంగతే. కాబట్టి గీతలున్నాయి కాబట్టి లేజర్ అనడం తప్పు. ఆ గీత ఎత్తు కింద ఉన్న ఫ్లోరెసెన్స్‌ని వదిలేసి ఒంటరిగా ఎగబాకాలి, అది త్రెషోల్డ్ దగ్గరే జరగాలి.

ఇప్పుడు పక్కన పెట్టిన ఫిల్మ్ తీయండి. అదే ప్లాస్టిక్, అదే రంగు, కానీ గుండ్రటి గోడ లేదు. దానిమీద అంతే శక్తి వేసి చూడండి. ఫిల్మ్ స్పెక్ట్రమ్ కూడా ఒక్కోసారి సన్నబడుతుంది, వెడల్పు కొన్ని నానోమీటర్లకి తగ్గి నున్నటి గుట్టలా వస్తుంది, దానికీ త్రెషోల్డ్ లాంటి వంపు ఉంటుంది. అది కేవిటీ లేకుండానే కాంతి దారిపొడవునా పెరగడం, ఏఎస్ఈ అంటారు. లేజర్ కాదు. పూసలో సమాన దూరపు గీతలుండి ఫిల్మ్‌లో లేకపోతేనే ఆ గీతలు పూస గోడవల్ల వచ్చాయని చెప్పొచ్చు. రంగు లేని పూసమీద కూడా కొట్టి చూడండి, అక్కడేమైనా గీతలొస్తే మీ ఫిల్టర్‌లోంచి ఏదో కారుతోందని తెలుస్తుంది.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష. 15 నుంచి 60 మైక్రాన్ల దాకా రకరకాల సైజు పూసలు తీసుకుని, ఒక్కోదాని గీతల మధ్య దూరం కొలవండి. వ్యాసం విలోమాన్ని అడ్డంగా, దూరాన్ని నిలువుగా పెడితే బిందువులన్నీ సున్నాలోంచి పోయే సరళరేఖ మీద పడాలి. ఆ రేఖ వాలునుంచి వక్రీభవన గుణకం వెనక్కి లెక్కకట్టండి, 1.59 కంటే కొద్దిగా ఎక్కువగా, 1.64 దగ్గర వస్తే బాగా వచ్చినట్టే. ఎక్కువ ఎందుకో పైన సైజు లెక్కలోనే ఉంది. దూరం కొలిచేటప్పుడు ఒక చిక్కొస్తుంది, గీతలు జంటలుగా కనిపిస్తాయి. కాంతి అల ఊగే దిశల్ని బట్టి ఉండే రెండు ధ్రువణాలకి రెండు వేర్వేరు వరసలు ఉండటమే కారణం. స్పెక్ట్రోమీటర్ ముందు పోలరైజర్ పెట్టి తిప్పండి, ఒక వరస తగ్గి ఇంకోటి లేస్తుంది, ఒకే వరసలోని గీతల మధ్యే కొలవండి. పోలరైజర్ గ్రాఫ్ కూడా రిపోర్ట్‌లో పెట్టండి, అది ఇంకో సాక్ష్యం.

ఇప్పుడు పెద్ద సైన్స్ పత్రికలు కొన్ని, లేజర్ వచ్చిందని రాసేవాళ్ళ దగ్గర ఇలాంటి ప్రశ్నలతోనే చెక్‌లిస్టు నింపించుకుంటున్నాయి. ప్రాజెక్టు వైవాలో అడిగేవాళ్ళూ ఇవే అడుగుతారు. తరంగదైర్ఘ్యమంత చిన్న కేవిటీలకైతే త్రెషోల్డ్ మలుపు దాదాపు కనిపించదు, వాటికి ఫోటాన్ల గణాంకాలు (కాంతి కణాలు ఏ తీరున వస్తున్నాయో) కొలవాలి. మన 30 మైక్రాన్ల పూసలో మలుపు స్పష్టంగానే ఉంటుంది, కనిపించకపోతే ముందు పూస గోడని అనుమానించండి, ఆ తర్వాతే లేజర్‌ని.

ఇదయ్యాక

అదే పూసమీద ఒక నీటి చుక్క వేసి మళ్ళీ కొలవండి. బయటి గుణకం 1.33 అయిపోతుంది కాబట్టి కాంతి చిక్కుకోవడానికి కావలసిన కోణం 39 నుంచి 57 డిగ్రీలకి పెరుగుతుంది, గీతలు ఎరుపు వైపు జరుగుతాయి. చిన్న పూసల్లో త్రెషోల్డ్ కూడా పెరుగుతుంది. నీళ్ళ బదులు చక్కెర నీళ్ళు వేస్తే ఇంకా జరుగుతాయి, ఎంత జరిగిందో చూసి ద్రవం గుణకం చెప్పొచ్చు. జీవకణాల్లోకి పూసల్ని పంపి కొలిచే పనులు ఈ దారిలోనే వచ్చాయి. 2015లో హుమార్, యూన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొవ్వుకణంలో ఉన్న నూనె బొట్టునే కేవిటీగా వాడి లేజర్ వెలిగించారు.

గాజు మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి ఇంకో దారి ఉంది. ఎస్వీయూ ఫిజిక్స్‌లో రేర్ ఎర్త్ అయాన్లు కలిపిన గాజుల మీద చాలా ఏళ్ళుగా పని జరుగుతోంది. అలాంటి గాజుని సన్నటి తీగలా లాగి కొసని మంటలో కరిగిస్తే తలతన్యత వల్ల తనే గుండ్రటి పూస అవుతుంది, రంగులా వెలిసిపోయే బాధ ఉండదు.

మిగిలిన పూసల్ని నీళ్ళలోనే, నల్ల కాగితం చుట్టిన సీసాలో ఉంచండి. డైక్లోరోమీథేన్ తగిలినవన్నీ సింక్‌లో పోయకుండా హాలోజన్ వేస్ట్ అని రాసిన సీసాలో పోసి, పేరూ తేదీ వేసి ల్యాబ్ ఇన్‌చార్జికి అప్పగించండి. ఒక్కో పూస స్పెక్ట్రమ్ ఫైల్ పేరులోనే వ్యాసం, పల్స్ శక్తి, ఎన్ని పల్స్‌ల సగటో ఉండేలా దాచుకోండి.